లీఫ్ వార్బ్లర్లు: ఒకేలా కనిపించే పిట్టలకు పేరు పెట్టడం ఎలా?

పక్షులు చూడటం మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ ఏదో ఒక రోజు ఈ పిట్ట ఎదురవుతుంది. కొమ్మ చివర ఆకుల్లో ఏదో కదులుతుంది. బైనాక్యులర్ కంటికి ఆనించేలోపు ఇంకో కొమ్మ మీదికి వెళ్లిపోతుంది. చివరికి ఎలాగో కనిపిస్తే పైన పచ్చ కలిసిన మట్టిరంగు, కింద మురికి తెలుపు, కంటి పైన లేత గీత. ఇంకేమీ లేదు. పుస్తకం తెరిస్తే అచ్చం అలాంటి బొమ్మలే పేజీల కొద్దీ ఉంటాయి. చాలామంది అక్కడే పుస్తకం మూసేసి, ఎర్రటి, నీలపు పక్షుల వెంట వెళ్లిపోతారు.

ఇవి లీఫ్ వార్బ్లర్లు. శాస్త్రీయంగా ఫిల్లోస్కోపిడే అనే కుటుంబం. సుమారు 80 జాతులు. యూరప్ నుంచి సైబీరియా దాకా, హిమాలయాలు, చైనా, ఆగ్నేయాసియా దీవులు, ఆఫ్రికా అడవులు, ఆఖరికి న్యూగినీ, సోలొమన్ దీవుల వరకు ఉన్నాయి. ఆర్కిటిక్ వార్బ్లర్ అయితే అలాస్కాలో కూడా గూడు కడుతుంది. పొడవు 9 నుంచి 14 సెంటీమీటర్లు. చిన్నవాటి బరువు 4 నుంచి 7 గ్రాములు మాత్రమే.

వీటిని గుర్తుపట్టడం, వీటి వర్గీకరణ తెలుసుకోవడం రెండు వేరువేరు పనులని అనుకుంటారు. నా లెక్కలో రెండూ ఒకటే. శాస్త్రవేత్తలకు కూడా వీటి రంగు సాయపడలేదు. మొదట గొంతు, తరువాత జన్యువులు చెబితేనే వాళ్లకి జాతులు విడివిడిగా కనిపించాయి. మనమూ అదే దారిలో వెళితే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి మెట్టు: ముందు కుటుంబం ఖాయం చేసుకోండి

జాతి పేరు తరువాత. ముందు ఇది అసలు లీఫ్ వార్బ్లరేనా అని చూడాలి. సన్నటి ముక్కు, మాసిన రంగు ఉన్న పిట్టలు ఇంకా చాలా కుటుంబాల్లో ఉన్నాయి.

లీఫ్ వార్బ్లర్‌కి ముక్కు సన్నగా, చిన్నగా ఉంటుంది. తోక మరీ పొడవుండదు, కొసన కొద్దిగా చీలినట్టు ఉంటుంది. తోక కింద మొదట్లో ఉండే కప్పు ఈకలు పొట్టిగా ఉంటాయి. కంటి పైన లేత గీత, కంటి గుండా ముదురు గీత దాదాపు ఎప్పుడూ కనిపిస్తాయి. మగ, ఆడ ఒకేలా ఉంటాయి. అన్నిటికంటే పెద్ద గుర్తు దాని తీరు. ఒక్కచోట నిలవదు. ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటూ, రెక్కలు టపటపలాడిస్తూ, మధ్యమధ్య గాలిలో ఒక్క క్షణం ఆగి ఆకు మీది పురుగును లాక్కుంటూ తిరుగుతుంది.

రెల్లులో, నీటి పక్క గడ్డిలో తిరిగే మట్టిరంగు పిట్టకి ముక్కు పొడవుగా, తోక కింది కప్పు ఈకలు కూడా పొడవుగా ఉంటే అది రీడ్ వార్బ్లర్ల కుటుంబం, అంటే అక్రోసెఫాలిడే. వాటి దగ్గరి బంధువులైన హిప్పొలయిస్ పిట్టలకు ముక్కు వెడల్పుగా, ముఖం సాదాగా, తోక కొస నేరుగా కోసినట్టు ఉంటుంది. పొడవాటి మెట్లుమెట్లు తోక, పొట్టి గుండ్రటి రెక్కలు ఉంటే ప్రినియాల వైపు చూడాలి. అవి సిస్టికోలిడే. నేల మీద ఎలుకలా పాకుతూ గడ్డిలోంచి బయటికే రానిది లోకస్టెల్లిడే కావచ్చు. కంటి చుట్టూ తెల్లటి ఉంగరం ఉండి, కనుబొమ్మ గీత లేకపోతే అది వైట్ ఐ. సాదా ముఖంలో పెద్ద నల్లటి కన్ను, నడినెత్తిన పసుపు పట్టీ ఉంటే గోల్డ్‌క్రెస్ట్. ఇది పరిమాణంలో, చురుకుదనంలో లీఫ్ వార్బ్లర్‌కి మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి జాగ్రత్త.

అమెరికా ఖండాల్లోని వార్బ్లర్లకు పేరులో పోలికే తప్ప వీటితో దగ్గరి చుట్టరికం లేదు. అవి పారులిడే, పూర్తిగా వేరే కొమ్మ.

రెండో మెట్టు: కుటుంబ చరిత్ర కొంచెం తెలుసుకోండి

ఇది చదవకుండా ముందుకు వెళ్లొచ్చు. కానీ పాత పుస్తకాల్లో ఒక పేరు, కొత్త జాబితాలో ఇంకో పేరు చూసి తికమకపడే రోజు తప్పకుండా వస్తుంది. అప్పుడు మళ్లీ ఇక్కడికే రావాలి.

ఒకప్పుడు పాత ప్రపంచంలోని సన్నముక్కు పిట్టలన్నిటినీ సిల్వియిడే అనే ఒకే కుటుంబంలో పెట్టేవారు. లీఫ్ వార్బ్లర్లు, రీడ్ వార్బ్లర్లు, ప్రినియాలు, బ్లాక్‌క్యాప్ లాంటివి అన్నీ అందులోనే. చిన్నగా ఉంది, పురుగులు తింటుంది, సన్నటి ముక్కుంది, రంగు లేదు అంటే ఇక్కడ పడేయి అన్నట్టుండేది. పోలికలు కనిపించాయి గానీ అవి చుట్టరికం వల్ల వచ్చినవా, ఒకేరకం బతుకు వల్ల వచ్చినవా అని తేల్చే సాధనం అప్పట్లో లేదు. ఆకుల్లో పురుగులు ఏరుకునే ఏ పిట్టకైనా సన్నటి ముక్కే పనికొస్తుంది. అంచేత వేరువేరు వంశాల పిట్టలకి అదే రూపం మళ్లీ మళ్లీ వచ్చింది.

1990లో సిబ్లీ, ఆల్‌క్విస్ట్ అనే పక్షిశాస్త్రవేత్తలు డీఎన్ఏ పోలికల ఆధారంగా పక్షుల వర్గీకరణ మొత్తాన్నీ తిరగరాసినప్పుడు సిల్వియిడేలోకి బాబ్లర్లను కూడా చేర్చారు. అంటే సమస్య తగ్గకపోగా కుటుంబం ఇంకా ఉబ్బింది. అసలు మలుపు 2006లో వచ్చింది. స్వీడన్‌కు చెందిన పేర్ ఆల్‌స్ట్రోమ్, ఆయన సహచరులు సైటోక్రోమ్ బి అనే మైటోకాండ్రియా జన్యువును, మయోగ్లోబిన్ జన్యువులోని ఒక భాగాన్ని పోల్చి, సిల్వియోయిడియా అనే మహాకుటుంబం మొత్తానికి వంశవృక్షం గీశారు. ఆ చెట్టులో పాత సిల్వియిడే ముక్కలుముక్కలుగా చెదిరిపోయింది. కొన్ని కొమ్మలు వానకోయిలలు, బుల్‌బుల్‌లు, భరతపక్షులు ఉన్న గుంపుల మధ్యలోకి వెళ్లాయి. లీఫ్ వార్బ్లర్లు వేరుగా నిలిచాయి. అప్పటి నుంచి ఫిల్లోస్కోపిడే విడి కుటుంబంగా స్థిరపడింది.

తరువాతి గొడవ ప్రజాతుల దగ్గర, అంటే కుటుంబం లోపల దగ్గరి జాతులను కలిపే గుంపుల దగ్గర. కుటుంబంలో రెండు ప్రజాతులు ఉండేవి. 1826లో బోయె పేరుపెట్టిన ఫిల్లోస్కోపస్ ఒకటి, కంటి చుట్టూ ఉంగరాలు, ముదురు పసుపు పొట్ట ఉన్న సైసెర్కస్ ఇంకొకటి. కళ్లకి ఇవి రెండూ స్పష్టంగా వేరే. డీఎన్ఏకి మాత్రం కాదు. సైసెర్కస్ పిట్టలు ఫిల్లోస్కోపస్ కొమ్మల మధ్య, అదీ ఒకేచోట కాకుండా, ఇరుక్కుని కనిపించాయి. తల్లి కొమ్మ నుంచి కొన్ని రెమ్మలను మాత్రం తీసి వేరే పేరు పెట్టడం వంశం ప్రకారం కుదరదు. 2018లో దాదాపు అన్ని జాతులతో చెట్టు గీశాక, మొత్తాన్నీ ఫిల్లోస్కోపస్ అనే ఒక్క ప్రజాతిలో కలిపేయాలనే ప్రతిపాదన వచ్చింది. ఇప్పటి ప్రధాన జాబితాలు అదే పాటిస్తున్నాయి. మీ పుస్తకంలో సైసెర్కస్ అని కనిపిస్తే తప్పు అచ్చు అనుకోకండి, అది పాతది, అంతే.

మూడో మెట్టు: కన్ను కంటే ముందు చెవి

1768లో ఇంగ్లండ్‌లోని సెల్‌బోర్న్ అనే ఊళ్లో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు, అప్పటిదాకా ఒకే పిట్టగా చూస్తున్న వాటిలో నిజానికి మూడు జాతులున్నాయని ఒక ఉత్తరంలో రాశాడు. మొదట పట్టిచ్చింది వాటి పాటలు. ఇవాళ మనం వాటిని చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్ అంటున్నాం. అప్పట్లో బైనాక్యులర్లు లేవు. డీఎన్ఏ అన్న మాటే లేదు. ఆ మూడు పేర్లు ఇప్పటికీ నిలిచాయి.

చిఫ్‌చాఫ్ పాట రెండే స్వరాలు అటూ ఇటూ తడబడుతూ సాగుతుంది. విల్లో వార్బ్లర్ పాట పైనుంచి మెల్లగా కిందికి జారుతూ వచ్చి సన్నగిల్లిపోతుంది. వుడ్ వార్బ్లర్‌ది రాతి మీద తిప్పిన నాణెం వేగం పెరుగుతూ గరగరలాడినట్టు ఉంటుంది. చూడటానికి మొదటి రెండూ కవలలు. వినడానికి ఎవరూ పొరబడరు.

పాట గూళ్ల కాలంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. మిగతా ఏడాది దొరికేది పిలుపు, అంటే ఒకటి రెండు ముక్కల చిన్న కూత. దాన్నే సాధన చేయాలి. ఎలా అంటే:

మీ ప్రాంతంలో, మీరు వెళ్లే కాలంలో ఏయే లీఫ్ వార్బ్లర్లు ఉండే అవకాశం ఉందో ముందు జాబితా రాసుకోండి. 80 పేర్లు కాదు, ఒక చోట ఒక కాలంలో సాధారణంగా కొన్నే ఉంటాయి. ఆ కొన్నిటి పిలుపులే జెనో కాంటో, మెకాలే లైబ్రరీ లాంటి ఉచిత ధ్వని భాండారాల్లో వినండి. ఒక్కో జాతికి ఒకే రికార్డింగ్ వినడం చాలామంది చేసే పొరపాటు. వేరువేరు మనుషులు వేరువేరు చోట్ల తీసినవి వినాలి, లేకపోతే మీరు గుర్తుపెట్టుకునేది ఆ జాతి పిలుపును కాదు, ఆ ఒక్క పిట్ట గొంతును.

విన్నదాన్ని మీ సొంత అక్షరాల్లో రాసుకోండి. ఎన్ని ముక్కలు, పైకి లేస్తుందా కిందికి దిగుతుందా, మెత్తగా ఉందా టక్కున కొట్టినట్టుందా, ఈ మూడు ప్రశ్నలు చాలు. గ్రీనిష్ వార్బ్లర్ పిలుపు రెండు ముక్కలు, 'చిస్‌లీ' అన్నట్టు. దానికి దగ్గరి బంధువైన టూ బార్డ్ వార్బ్లర్ పిలుపులో మూడు ముక్కలు. డస్కీ వార్బ్లర్ 'టక్, టక్' అని గట్టిగా కొడుతుంది. ఆర్కిటిక్ వార్బ్లర్‌ది 'డ్జిట్' అనే పదునైన ఒక్క ముక్క. చిఫ్‌చాఫ్ 'హ్వీట్' అని ఒక్క ముక్కలో ముగిస్తుంది, విల్లో అదే పిలుపును 'హూ ఈట్' అని రెండుగా సాగదీస్తుంది. ఈ చివరి తేడా పట్టడానికి ఓపిక కావాలి.

ఫోన్ రికార్డర్ అయినా వాడండి. ఆ ధ్వనిని ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్‌గా తెరిస్తే పిలుపు బొమ్మలా కనిపిస్తుంది. పైకి లేచే గీత, కిందికి వంగే గీత, రెండు ముక్కల మధ్య ఖాళీ కళ్లతో చూడొచ్చు. చెవి మీద నమ్మకం లేనివాళ్లకి ఇది వరం. మెర్లిన్ లాంటి యాప్‌లు పేరు కూడా చెప్తాయి. వాడండి, కానీ లీఫ్ వార్బ్లర్ల విషయంలో దాని మాటను ఒక సూచనగానే తీసుకోండి. పక్కనే స్పెక్ట్రోగ్రామ్ పెట్టుకుని సరిచూసుకోకుండా జాబితాలో ఎక్కించడం నాకు ఇష్టం ఉండదు.

ఒక హెచ్చరిక. రికార్డింగ్ వినిపించి పిట్టను దగ్గరికి రప్పించడం తేలికే, అందుకే అతిగా చేస్తారు. గూళ్ల కాలంలో మగపిట్ట దాన్ని తన హద్దులోకి వచ్చిన శత్రువు అనుకుని, తినడం మాని వెతుకుతుంది. వినడానికి వెళ్లాం కాబట్టి వినడమే మేలు.

నాలుగో మెట్టు: ఇప్పుడు ఈకలు చూడండి, కానీ వరుసలో

రంగుతో మొదలుపెట్టొద్దు. ఆకుల మధ్య వెలుతురులో తెలుపు పచ్చగా, పచ్చ బూడిదగా కనిపిస్తుంది. గీతలు, పట్టీలు ఉన్నాయా లేవా అనేది రంగు కంటే నమ్మదగినది. ఈ వరుసలో చూడండి: రెక్క మీద పట్టీ, నడినెత్తి గీత, నడుము మీద మచ్చ, ముక్కు, కాళ్లు.

రెక్క మీద పట్టీ అసలు లేకపోతే చిఫ్‌చాఫ్, విల్లో, టికెల్స్, సల్ఫర్ బెల్లీడ్, డస్కీ, రాడ్డేస్ లాంటివి మిగులుతాయి. ఒకటి లేదా రెండు సన్నటి పట్టీలుండి నడినెత్తి గీత లేకపోతే గ్రీనిష్, గ్రీన్, టూ బార్డ్, ఆర్కిటిక్, లార్జ్ బిల్డ్. నడినెత్తిన స్పష్టమైన లేత గీత, ముదురు అంచులు ఉంటే వెస్టర్న్ క్రౌన్డ్, ఈస్టర్న్ క్రౌన్డ్, బ్లైత్స్. చాలా చిన్న పిట్ట, రెండు వెడల్పాటి పట్టీలు, ఎగిరేటప్పుడు నడుము మీద పసుపు మచ్చ మెరిస్తే పల్లాస్, లెమన్ రంప్డ్ వైపు. కంటి చుట్టూ ఉంగరం, పసుపు పొట్ట ఉంటే పాత సైసెర్కస్ గుంపు.

ఇది కంటి కోసం చేసుకున్న గుంపు, వంశవృక్షం కాదు. రెక్క పట్టీలు ఈ కుటుంబంలో పుట్టడం, పోవడం చాలాసార్లు జరిగింది. ఎందుకు అన్నదానికి ఒక అందమైన ప్రయోగం ఉంది. చీకటి అడవుల్లో ఉండే లీఫ్ వార్బ్లర్లకే పట్టీలు, మచ్చలు ఎక్కువని కారెన్ మార్చెట్టి అనే శాస్త్రవేత్త గమనించింది. కశ్మీర్‌లో ఒక జాతి మగపిట్టల రెక్క పట్టీలను రంగుతో పెద్దవి చేసి చూసింది. పట్టీ పెరిగినవాటి హద్దులు విస్తరించాయి. 1993లో ఈ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. చీకట్లో ఒకదానికొకటి కనబడటానికి పెట్టుకున్న జెండాలు ఆ పట్టీలు. వెలుతురు మారితే జెండా అవసరమూ మారుతుంది, కాబట్టి పట్టీని బట్టి చుట్టరికం చెప్పలేం.

ఇంకో చిక్కు ఈకల అరుగుదల. పట్టీ అంటే ఈక కొసల మీది లేత అంచు. ఆ కొస అరిగిపోతే పట్టీ మాయమవుతుంది. ఈకలు బాగా అరిగిన గ్రీనిష్ వార్బ్లర్‌కి ఒక్క పట్టీ కూడా కనబడకపోవచ్చు. అలాగే తొలి ఏడాది విల్లో వార్బ్లర్ పిల్లలు పెద్దవాటి కంటే పసుపుగా ఉంటాయి. విల్లో వార్బ్లర్ ఏడాదికి రెండుసార్లు ఒంటి ఈకలన్నీ మార్చుకునే అరుదైన పిట్ట, కాబట్టి దాని ఈకల తాజాదనం మిగతా వాటి లెక్కకు అందదు.

చిఫ్‌చాఫ్, విల్లో జంటను చూస్తే ఏ గుర్తును ఎంత నమ్మాలో అర్థమవుతుంది. కాళ్లు నల్లగా ఉంటే చిఫ్‌చాఫ్, లేతగా ఉంటే విల్లో అని ప్రతి పుస్తకం చెప్తుంది. ఎక్కువసార్లు నిజమే, ఎప్పుడూ కాదు. అంతకంటే మంచిది ముడిచిన రెక్క కొస. విల్లో చాలా దూరం వలసపోయే పిట్ట. తూర్పు సైబీరియాలో పుట్టినవి దక్షిణ ఆఫ్రికా దాకా వెళ్తాయి, అంటే ఒకవైపే దాదాపు 12,000 కిలోమీటర్లు. అంత దూరం ఎగరాలంటే రెక్క పొడవుగా ఉండాలి, అందుకే ముడిచినప్పుడు దాని కొస వెనక్కి ఎక్కువ పొడుచుకొస్తుంది. చిఫ్‌చాఫ్ అంత దూరం పోదు, రెక్క పొట్టి. ఇంకా, చిఫ్‌చాఫ్ తింటున్నంతసేపూ తోకను కిందికి ముంచుతూనే ఉంటుంది. విల్లో అలా వదలకుండా చేయదు.

లైసెన్సుతో పక్షులను పట్టి కాళ్లకు ఉంగరాలు వేసేవాళ్లకు ఇంకా గట్టి గుర్తుంది. రెక్క బయటి చివరనున్న బుల్లి ఈకను ఒకటిగా లెక్కపెడితే, విల్లోలో 3, 4, 5 ఈకల బయటి అంచు మధ్యలో సన్నబడుతుంది. చిఫ్‌చాఫ్‌లో 6 కూడా సన్నబడుతుంది. ఆ ఒక్క ఈక పేరు తేల్చేస్తుంది. దీనికోసం పిట్టను పట్టుకునే ప్రయత్నం మీరు చేయొద్దు. కానీ మంచి కెమెరాతో తీసిన ఫొటోలో రెక్క విప్పి ఉంటే కొన్నిసార్లు ఇది కనిపిస్తుంది.

ఐదో మెట్టు: చోటు, ఎత్తు, తీరు

ఈ పిట్టలు ఆహారాన్ని, ఎత్తును పంచుకుని బతుకుతాయి. హిమాలయాల్లో ఒకే కొండవాలు మీద పలు జాతులు గూళ్లు కడతాయి, ఎవరి ఎత్తు వాళ్లది, ఎవరి చెట్టు వాళ్లది. టికెల్స్ లీఫ్ వార్బ్లర్ చెట్లు ఆగిపోయిన ఎత్తుల్లో పొదల్లో గూడు కడుతుంది. లార్జ్ బిల్డ్ గూళ్ల కాలంలో కొండవాగుల పక్కన ఉంటుంది, దాని పాటలో నాలుగైదు స్వరాలు మెట్లు దిగుతున్నట్టు వినిపిస్తాయి. సల్ఫర్ బెల్లీడ్ బండరాళ్ల మీద, చెట్టు మొదళ్ల మీద పాకుతూ తిరుగుతుంది. ఆకుల్లో ఉండాల్సిన పిట్ట రాళ్ల మీద ఉందంటే సగం పేరు దొరికినట్టే. డస్కీ, రాడ్డేస్ కిందిస్థాయి పొదల్లో, నేలకు దగ్గరగా ఉంటాయి. డస్కీకి తడి నేలంటే ఇష్టం.

తీరుల్లో నాకు బాగా నచ్చేది బ్లైత్స్ లీఫ్ వార్బ్లర్. ఉద్రేకంలో రెక్కలు ఒకదాని తరువాత ఒకటి విదిలిస్తుంది. ఎడమది, కుడిది, ఎడమది. మిగతా చాలా జాతులు రెండిటినీ కలిపి ఆడిస్తాయి. ఇది ఒక్కటి చూస్తే నడినెత్తి గీత సరిగ్గా కనిపించకపోయినా ఫరవాలేదు.

ఆరో మెట్టు: జాతికి హద్దు ఎక్కడో ఆలోచించండి

పేరు పెట్టడం ఇంత కష్టంగా ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది.

గ్రీనిష్ వార్బ్లర్ టిబెట్ పీఠభూమి చుట్టూ ఉన్న అడవుల్లో గూళ్లు కడుతుంది. పీఠభూమి నడుమ చెట్లు లేవు, కాబట్టి దక్షిణాన హిమాలయాల నుంచి ఒక పాయ పడమటి వైపుగా, ఇంకో పాయ తూర్పు వైపుగా ఉత్తరానికి వెళ్లాయి. రెండూ మధ్య సైబీరియాలో మళ్లీ కలిశాయి. దారి పొడుగునా పక్కపక్క పిట్టల మధ్య తేడా కొంచెమే. కానీ చివరి రెండు పాయలు కలిసిన చోట మాత్రం ఒకదాని పాట ఒకటి పట్టించుకోవు, జతకట్టడం దాదాపు లేదు. క్లాడ్ టైస్‌హర్స్ట్ 1938లోనే ఈ ఆలోచన చెప్పాడు. 2001లో డారెన్ ఇర్విన్, స్టఫాన్ బెంష్, ట్రెవర్ ప్రైస్ పాటలు, జన్యువులు రెండూ కొలిచి చూపించారు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ రెండు వైపులా పాట పొడవుగా, చిక్కుగా మారింది, కానీ ఒక్కో వైపు ఒక్కో తరహాలో.

ఇది ఒకే జాతా, రెండా? గొలుసు మొత్తం చూస్తే ఒకటి, రెండు కొసలు మాత్రం చూస్తే రెండు. 2014లో ఇంకా ఎక్కువ జన్యు సమాచారంతో చూసినప్పుడు గొలుసు అనుకున్నంత నిరంతరంగా లేదనీ, మధ్యలో పాతకాలంలోనే తెగిన చోట్లు ఉన్నాయనీ, కొసల మధ్య కొద్దిపాటి కలయిక జరిగిందనీ తేలింది. ఇప్పటి జాబితాల్లో తూర్పు కొసను టూ బార్డ్ వార్బ్లర్‌గా విడిగా చూపడం మామూలైంది. పుస్తకం గీసిన హద్దు ప్రకృతి గీసిన హద్దు కాకపోవచ్చని గుర్తుంచుకుంటే, గుర్తుపట్టలేకపోయినప్పుడు మన మీద మనకి చిరాకు రాదు.

ఒక్క జాతి చాలా జాతులుగా విడిన ఉదాహరణలు ఈ కుటుంబంలో కుప్పలుగా ఉన్నాయి. చిఫ్‌చాఫ్ నుంచి ఐబీరియన్, కెనరీ దీవుల చిఫ్‌చాఫ్‌లు వేరయ్యాయి. గోల్డెన్ స్పెక్టకిల్డ్ అని ఒకే పేరుతో పిలిచిన పిట్ట 1999లో పాటల ఆధారంగా పలు జాతులైంది. యెల్లో బ్రౌడ్, హ్యూమ్స్ ఒకప్పుడు ఒకటే. హ్యూమ్స్ పాట చివర సాగదీసిన గరగర ఉంటుంది, రంగులో బూడిద ఎక్కువ, ముక్కు, కాళ్లు ముదురు. 2020లో ఇండోనేషియా దీవులైన పెలెంగ్, తలియాబు నుంచి రెండు కొత్త లీఫ్ వార్బ్లర్లకు పేర్లు పెట్టారు. వియత్నాం, లావోస్ సున్నపురాతి కొండల్లో ఉండే లైమ్‌స్టోన్ లీఫ్ వార్బ్లర్ 2010 దాకా శాస్త్రానికి తెలియదు.

వెనక్కి తిరిగిన కథ కూడా ఉంది. 1992లో చైనా నుంచి సిచువానెన్సిస్ అనే పేరుతో ఒక కొత్త జాతిని వర్ణించారు. గుర్తింపు నిజంగా గొప్పది, పిట్ట నిజంగా వేరే. కాకపోతే దాన్నే 1922లో లా టూష్ యునానెన్సిస్ అని ఎప్పుడో పేరుపెట్టి ఉన్నాడు, ఎవరూ ఆ నమూనాను సరిగ్గా పోల్చి చూడలేదు. ముందు పెట్టిన పేరుకే హక్కు కాబట్టి ఆ పాతపేరే నిలిచింది. నిపుణులకే ఇలా జరిగినప్పుడు, కొమ్మ మీద మూడు సెకన్లు చూసిన మనకు తడబాటు రావడంలో వింతేముంది.

ఏడో మెట్టు: ఎక్కడ ఆగాలో తెలుసుకుని రాయండి

నోట్‌బుక్‌లో ముందు చూసినవి, విన్నవి రాయండి. పేరు చివర్లో. 'గ్రీనిష్' అని మొదట రాసేస్తే ఆ తరువాత కన్ను గ్రీనిష్‌నే చూస్తుంది. తేదీ, ఎత్తు, చెట్టు, పిట్ట ఎంత ఎత్తులో ఉంది, పిలుపు, పట్టీలు, తీరు. తరువాత రెండు కంటే ఎక్కువ గుర్తులు ఒకే జాతిని చూపిస్తే పేరు రాయండి. గొంతు ఒకటి, ఈకలు ఇంకోటి చెబితే నేను గొంతు పక్షం.

గుర్తులు అలా ఒకే జాతిని చూపించకపోతే 'గ్రీనిష్ లేదా లార్జ్ బిల్డ్' అని రాయొచ్చు. చూసిన పక్షులను నమోదు చేసుకునే ఈబర్డ్‌లో చిఫ్‌చాఫ్, విల్లో రెండిట్లో ఏదో ఒకటి అనో, జాతి తెలియని ఫిల్లోస్కోపస్ అనో నమోదు చేసే వీలుంది. దాన్ని వాడటానికి చాలామంది సిగ్గుపడతారు. ఊహించి రాసిన జాతి పేరు కంటే నిజాయితీగా రాసిన ప్రజాతి పేరు విలువైన సమాచారం, ఎందుకంటే తప్పుపేరు ఒకసారి లెక్కల్లో చేరాక దాన్ని బయటికి లాగడం చాలా కష్టం.

ఏ జాబితా పాటిస్తున్నారో కూడా ఒక మూల రాసుకోండి. ప్రపంచ పక్షుల పేర్లు ఇచ్చే క్లెమెంట్స్, ఐఓసీ, బర్డ్‌లైఫ్ జాబితాలు చాలాకాలం వేరువేరు నిర్ణయాలు తీసుకున్నాయి. వాటిని ఒకే తాటి మీదికి తెచ్చే ప్రయత్నంగా 2025 జూన్‌లో అవిలిస్ట్ వచ్చింది. అయినా పాత పుస్తకాలు, పాత నమోదులు పాతపేర్లతోనే ఉంటాయి.

రికార్డింగులు మాత్రం తీసేయకండి, పేరు ఖాయం అయిపోయిందనుకున్నా సరే. 2011లో ఆర్కిటిక్ వార్బ్లర్ మూడు జాతులుగా విడిపోయింది: ఆర్కిటిక్, కమ్‌చట్కా, జపనీస్. ఈకల్లో తేడా దాదాపు శూన్యం, తేడా అంతా పాటలో, పిలుపులో, జన్యువుల్లో ఉంది. అంతకుముందు వలసకాలంలో వీటిని చూసి 'ఆర్కిటిక్ వార్బ్లర్' అని మాత్రం రాసుకున్నవాళ్లు ఇప్పుడు తాము చూసింది ఏదో చెప్పలేరు. పిలుపు రికార్డు చేసి దాచుకున్నవాళ్లు ఫైల్ తెరిచి, స్పెక్ట్రోగ్రామ్ చూసి, పాత నమోదులో పేరు మార్చుకోగలిగారు.